ముందు గోడ, తర్వాతే మిషన్

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో కెమెరా ఉన్న కాలింగ్ బెల్ కొన్న ఇంట్లో ఆ వెంటనే రెండో బేరం మొదలవుతుంది: దాన్ని బిగించడానికి ఏ ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ తీసుకోవాలి? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ ప్రశ్న దాదాపు పుట్టదు. బెల్లు అమ్మినవాళ్లే మనిషిని పంపుతారు, లేదా వీధి చివరి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే వచ్చి బిగించి వెళ్తాడు. ఆస్ట్రేలియాలో మనిషి చేతి పని ఖరీదు. నాలుగు స్క్రూల కోసం ఎవరినైనా పిలిస్తే బెల్లు ధరలో చెప్పుకోదగ్గ వంతు కూలికే పోతుంది. బ్రిస్బేన్‌కు పడమరగా సుమారు 125 కిలోమీటర్ల దూరాన, దాదాపు 700 మీటర్ల ఎత్తున కొండ అంచు మీద ఉన్న ఈ ఊరు అక్కడి వలస నిబంధనల్లో రీజనల్ ప్రాంతం. 2019 నవంబరులో మొదలైన 491 వీసా మీద వచ్చినవాళ్లు ఇలాంటి చోట్లే ఉండి పనిచేయాలి. అలా కొత్తగా కాపురం పెట్టినవాళ్లు డ్రిల్లింగ్ మిషన్ల వరసల ముందు నిలబడి వోల్టులు, టార్క్, ఆంపియర్ అవర్లు చదువుకుంటూ ఉంటారు. చదవాల్సింది వాటిని కాదు. ఈ ఎంపికను తేల్చేది బెల్లూ కాదు, మిషన్ డబ్బా మీది అంకెలూ కాదు, ఇంటి గోడ. ఆ గోడ ఏదో తెలిస్తే కొన్ని ఇళ్లకు ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ చాలునని, కొన్నింటికి అది బొత్తిగా చాలదని, మరికొన్ని ఇళ్లలో దాన్ని పెట్టెలోంచి బయటికే తీయకూడదని తేలుతుంది.

ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ అనే ఒక్క పేరు కింద చాలా వేర్వేరు వస్తువులు అమ్ముడవుతాయి. గందరగోళంలో సగం అక్కడే పుడుతుంది. ఫోన్లు, వాచీలు విప్పే పెన్నుల్లాంటివి ఒక రకం. వాటి మోటారు బలం ఒక న్యూటన్ మీటరులో చిన్న వంతు మాత్రమే, గోడ పనికి అవి బొమ్మలు. తర్వాతివి ఒకే ఒక్క లిథియం సెల్‌తో, 3.6 వోల్టుల మీద నడిచేవి. బాష్ కంపెనీ 2003లో తెచ్చిన ఐక్సోతో ఈ రకం ఇంటింటి వస్తువైంది. వీటి బలం మోడల్‌ను బట్టి 3 నుంచి 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, వేగం నిమిషానికి రెండు మూడు వందల చుట్లు. వాటి పైన 12 వోల్టుల డ్రిల్ డ్రైవర్లు, 18 వోల్టుల హ్యామర్ డ్రిల్లులు, వాటి పక్కనే చూడటానికి పొట్టిగా ఉండి బలంలో అన్నింటినీ మించే ఇంపాక్ట్ డ్రైవర్లు. ఇవన్నీ స్క్రూ తిప్పగలవు, కానీ అన్నీ ఒకే పనికి పుట్టలేదు. అన్నట్టు విద్యుత్తుతో తిరిగే డ్రిల్లుకు తొలి పేటెంటు 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్థర్ ఆర్నాట్, విలియం బ్రెయిన్ అనే ఇద్దరి పేరిట నమోదైంది. దాని గురి బొగ్గూ రాయీ తొలవడం మీద, కాలింగ్ బెల్లు మీద కాదు.

అసలు పని ఎంతదో ముందు లెక్క వేసుకోవాలి. డోర్‌బెల్ బరువు కొన్ని వందల గ్రాములు. దాని వెనక ప్లాస్టిక్ పలకను గోడకు పట్టి ఉంచేవి రెండో నాలుగో స్క్రూలు, పొడవు 25 నుంచి 30 మిల్లీమీటర్లు. ఒక న్యూటన్ మీటరు అంటే మీటరు పొడవు కడ్డీ చివర సుమారు 100 గ్రాముల బరువు వేలాడదీస్తే కలిగే మెలి. అంటే 5 న్యూటన్ మీటర్ల మిషన్ అదే కడ్డీకి అరకిలో బరువు కట్టినంత మెలి పెడుతుంది. మెత్తటి చెక్కలో ముందుగా సన్న బెజ్జం వేసి ఉంటే ఇలాంటి స్క్రూకు ఇందులో కొద్ది వంతు చాలు, మన మణికట్టూ ఆ మాత్రం ఇవ్వగలదు. కాబట్టి స్క్రూను లోపలికి పంపడం ఈ పనిలో కష్టమైన భాగం కాదు. బెజ్జం వేయడం కష్టం, అవసరానికి మించి తిప్పకుండా ఆగడం అంతకన్నా కష్టం. మొదటిదానికి వేగం కావాలి, రెండోదానికి నిగ్రహం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చయ్యే టార్క్ అంకె ఈ రెండింటి గురించీ ఏమీ చెప్పదు.

ఇప్పుడు గోడలు. ఊరి పాత వీధుల్లో క్వీన్స్‌లాండర్ అనే చెక్క ఇళ్లు ఉంటాయి: నేల మీద కాక గుంజల మీద నిలిచి, ముందు వరండా, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పలకలు కొట్టిన బయటి గోడ. ఇలాంటి ఇంటికి చిన్న ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ చాలనిపిస్తుంది, చాలాసార్లు చాలుతుంది కూడా. కానీ చెక్క అంటే ఒకటే చెక్క కాదు. కాఠిన్యాన్ని కొలిచే జాంకా పరీక్షలో ఇక్కడి హూప్ పైన్ మూడున్నర కిలోన్యూటన్ల దగ్గర ఉంటే, స్పాటెడ్ గమ్ 11 దగ్గర ఉంటుంది, ఐరన్‌బార్క్ దాన్నీ దాటుతుంది. మన ద్వారబంధాల టేకు ఐదుకు కాస్త అటూ ఇటూ. టేకును గట్టి చెక్క అనుకునే చేతికి స్పాటెడ్ గమ్ స్తంభం ఇంకో లోకం. ముందు బెజ్జం లేకుండా అందులోకి స్క్రూ పంపబోతే 3.6 వోల్టుల మిషన్ మూలిగి ఆగిపోతుంది, పెద్ద మిషన్ అయితే స్క్రూ మెడ విరిచేస్తుంది. రెండింటిలో మొదటిదే నయం. ఆ ముందు బెజ్జాన్ని చిన్న స్క్రూడ్రైవర్‌తోనే వేయొచ్చు కదా అంటే, బిట్ పట్టుకునే చోటు ఉంటుంది గానీ వేగం ఉండదు. నిమిషానికి రెండు వందల చుట్లతో గట్టి చెక్కలో బిట్ కోయదు, రాపాడుతుంది. కొన్ని పాత ఇళ్లలో మరో చిక్కు ఉంది. లోపలి గోడ, బయటి గోడ వేర్వేరుగా లేకుండా ఒకే వరస పలకలతో కట్టిన గోడలవి, మందం రెండు సెంటీమీటర్ల దరిదాపు. పెట్టెలో వచ్చిన 30 మిల్లీమీటర్ల స్క్రూ దాన్ని దాటి హాల్లోకి మొన చూపిస్తుంది. అక్కడ కావలసింది మంచి మిషన్ కాదు, పొట్టి స్క్రూ, లేదా పలక వెనక నిలువు దుంగ ఎక్కడుందో వెతికి ఆ చోటే ఎంచుకోవడం. ఒకదాని మీద ఒకటి ఎక్కిన పలకల గోడ ఏటవాలుగా ఉంటుంది గనక బెల్లు నేల వైపు చూస్తుంది. దానికి బెల్లు కింద పెట్టే వాలు ముక్కలు అమ్ముతారు. ఆ ముక్క మందం కలిస్తే పొడవు స్క్రూ మళ్లీ అవసరపడొచ్చు, కాబట్టి కొలత తీసుకోకుండా స్క్రూ కొనకూడదు.

కొత్త కాలనీలకు వస్తే కథ పూర్తిగా మారుతుంది. అక్కడి ఇళ్లలో ఎక్కువ బ్రిక్ వెనీర్: ఇంటి బరువు మోసేది లోపలి చెక్క చట్రం, బయట ఒక్క వరస ఇటుక, మధ్యలో ఖాళీ. ఆస్ట్రేలియా ఇటుక కొలత 230, 110, 76 మిల్లీమీటర్లు, రెండు ఇటుకల మధ్య సిమెంటు సందు 10 మిల్లీమీటర్లు. మన ఊళ్లలో ఇటుక గోడ మీద సిమెంటు పూత, దాని మీద పుట్టీ, రంగు ఉంటాయి. తప్పుగా వేసిన బెజ్జాన్ని మేస్త్రీ వేలితో పూడ్చేస్తాడు. టూవూంబాలో ఇటుక ముఖం అలాగే బయటికి కనిపిస్తుంది, తప్పు బెజ్జం ఇల్లున్నన్నాళ్లూ ఉంటుంది. ఈ గోడ ముందు ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ ఏ బ్రాండుదైనా ఒకటే, దేనికీ చేతకాదు. 6 మిల్లీమీటర్ల మేసనరీ బిట్‌ను తిప్పుతూనే సుత్తిలా కొట్టే హ్యామర్ డ్రిల్ కావాలి. ఆ బెజ్జంలో ప్లాస్టిక్ ప్లగ్ దించాక మిగిలే స్క్రూ పని చేత్తోనే అయిపోతుంది. అంటే ఇటుక ఇంటివాళ్లు ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ కొంటే తప్పు మిషన్ కొన్నట్టే. ఒక్క నాణ్యమైన చేతి స్క్రూడ్రైవర్, ఒక్కపూటకు అరువు తెచ్చిన హ్యామర్ డ్రిల్ వాళ్లకు చాలు.

ఇటుకలో వేయాలా, సిమెంటు సందులో వేయాలా అన్నది ఇంకో తగువు. బరువులు వేలాడదీయడానికి ఇటుక గట్టిదని పనివాళ్లు అంటారు, అది నిజమే. సందులో సిమెంటు పాతబడి పొడిగా రాలే ఇళ్లలో ప్లగ్ నిలవకపోవచ్చు, అదీ నిజమే. కానీ ఇక్కడ మోయాల్సింది అల్మారా కాదు. కొన్ని వందల గ్రాముల బెల్లుకు బాగున్న సందు చాలు. పైగా సందులో బెజ్జం వేయడం సులువు, ఇల్లు మారేటప్పుడు పూడ్చితే ఆనవాలు పెద్దగా కనిపించదు, ఇటుక పెచ్చు ఊడే భయమూ ఉండదు. ఇబ్బందల్లా బెల్లు పలకలో స్క్రూ రంధ్రాలున్న చోటికి సందు రాకపోవడం. అప్పుడు ఒక రంధ్రం సందులో, ఒకటి ఇటుకలో పడుతుంది. ఇటుకలో వేసేటప్పుడు మొదట సుత్తి మీట ఆపి నెమ్మదిగా బిట్‌కు చోటు చేసి, ఆ తర్వాతే కొట్టించాలి. ఇటుక దుమ్ములో సిలికా ఉంటుంది. ఆ సిలికా పీల్చితే వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ వల్లనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వంటింటి గట్లకు వాడే ఇంజినీర్డ్ స్టోన్‌ను నిషేధించింది. రెండు బెజ్జాల దుమ్ము ఆ స్థాయిది కాదు గానీ, పీ2 మాస్కు పెట్టుకోవడానికి అది చాలినంత కారణం.

ఇటుకను వదిలి చెక్క ద్వారబంధానికే బిగిస్తే డ్రిల్ గొడవే ఉండదు కదా అనొచ్చు. మంచి ఆలోచనే, అప్పుడు చిన్న ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్‌కు మళ్లీ పని దొరుకుతుంది. అయితే ఇక్కడి ఇళ్లలో అసలు తలుపు ముందు జాలీ తలుపు ఒకటి ఉంటుంది, అది బయటికి తెరుచుకుంటుంది. ద్వారబంధం మీద బెల్లు పెడితే ఆ తలుపు దాన్ని కొట్టడమో, తెరిచినప్పుడు కెమెరాకు అడ్డం రావడమో జరుగుతుంది. స్క్రూ బిగించే ముందు జాలీ తలుపు పూర్తిగా తెరిచి చూడటానికి ఏ మిషనూ అక్కర్లేదు.

మూడో గోడ దగ్గర సలహా మారిపోతుంది. 1990కి ముందు కట్టిన ఆస్ట్రేలియా ఇళ్లలో ఫైబ్రో అనే సిమెంటు షీటు వరండా గోడలకు, చూరు కింద విరివిగా వాడారు, అందులో చాలాదాంట్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దేశంలో ఆస్బెస్టాస్ వాడకాన్ని పూర్తిగా నిషేధించింది 2003 డిసెంబరు 31న. మన ఊళ్లలో సిమెంటు రేకుల కింద తరాలు గడిచాయి, ఇప్పటికీ ఆ రేకులు అమ్ముతున్నారు. అందుకే ఈ విషయంలో మనవాళ్లకు సహజంగా రావలసిన భయం రాదు. ఆ షీటు చెక్కు చెదరకుండా, రంగు వేసి ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. తిరిగే బిట్ తగిలితే కంటికి కనపడని నార గాలిలో కలుస్తుంది. ఈ ఊరున్న క్వీన్స్‌లాండ్ రాష్ట్ర నిబంధనలు ఆస్బెస్టాస్ మీద పవర్ టూల్స్ వాడనివ్వవు. ఇల్లు పాతదై, గోడ చదునైన షీటులా ఉండి, అతుకుల మీద సన్నటి బద్దలు కొట్టి ఉంటే అది ఫైబ్రోయే అనుకుని ఆగడం తెలివి. పరీక్ష చేయించకుండా అక్కడ ఏ స్క్రూడ్రైవర్ మంచిదన్న చర్చే అనవసరం. బెల్లును పక్కన చెక్క స్తంభానికి మార్చుకుంటే చాలా ఇళ్లలో సమస్య తీరిపోతుంది.

గోడ దాటాక మిగిలేది బెల్లు అడుగున ఉండే చిట్టి సెక్యూరిటీ స్క్రూ. దొంగ చేతికి బెల్లు ఊడి రాకుండా చాలా మోడళ్లకు నక్షత్రం ఆకారపు తల ఉన్న ఈ స్క్రూ ఇస్తారు, దానికి తగిన చిన్న స్క్రూడ్రైవర్ కూడా పెట్టెలోనే ఉంటుంది. దీన్ని చులకనగా చూస్తే ఏమవుతుందో 2020 నవంబరులో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ప్రకటించిన రీకాల్ చెబుతుంది. రింగ్ కంపెనీ రెండో తరం డోర్‌బెల్ అమెరికాలో సుమారు 3,50,000, కెనడాలో సుమారు 8,700 అమ్ముడైంది. కొందరు సెక్యూరిటీ స్క్రూకు బదులు వేరే స్క్రూలు బిగించారు, అవి బ్యాటరీని దెబ్బతీశాయి. తప్పు స్క్రూల గురించి 85 ఫిర్యాదులు వస్తే అందులో 23 బెల్లులకు నిప్పంటుకుంది, 8 మందికి స్వల్పంగా కాలింది. పరిష్కారంగా కంపెనీ బిగించే సూచనలను మార్చి రాసింది. సరైన స్క్రూ వాడినవాళ్లకు ఏ ప్రమాదమూ లేదు, బెల్లు వెనక్కి పంపాల్సిన పనీ లేదు. ఈ పనిలో నాకు తెలిసి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు: ప్రమాదం వచ్చింది మోటారు బలం తక్కువై కాదు, చేతికందిన స్క్రూను ఆ రంధ్రంలోకి పంపడం వల్ల. చేత్తో తిప్పేవాడికి స్క్రూ ఎక్కడో అడ్డుపడుతున్న సంగతి వేళ్లకు తెలుస్తుంది. మిషన్ మీట నొక్కినవాడికి అది తెలిసేలోపు స్క్రూ లోపలికి వెళ్లిపోతుంది.

అందుకే ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ కొనదలిస్తే చూడాల్సిన మొదటి గుణం క్లచ్, అంటే నిర్ణయించిన బిగువు రాగానే పట్టు వదిలి కటకటమనే ఏర్పాటు. అది లేని మిషన్ ప్లాస్టిక్ పలకను వంచుతుంది, వంగిన పలక మీద బెల్లు సరిగా కూర్చోదు. ప్లస్ గుర్తు తల ఉన్న ఫిలిప్స్ స్క్రూ దగ్గర ఇంకో బాధ: ఒత్తిడి తగ్గినా, బిట్ సైజు తేడా వచ్చినా బిట్ పైకి తన్నుకొచ్చి తల అరిగిపోతుంది. ఇలాంటి స్క్రూలకు చాలాసార్లు సరిపోయేది పీహెచ్2 బిట్. 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రైవర్ ఇంట్లో ఉంది, అదే వాడేద్దాం అనేవాళ్లుంటారు. పెద్దది ఉంటే చిన్న పనీ అయిపోతుందన్న ఈ లెక్క సాధారణంగా ఒప్పుకోదగ్గదే, ఇక్కడ మాత్రం కాదు. 150 న్యూటన్ మీటర్లు దాటే ఆ మిషన్లలో చాలావాటికి క్లచ్ ఉండదు. డెక్ పలకలకు పొడవాటి స్క్రూలు దించడం దాని పని. అదే 18 వోల్టుల డ్రిల్ డ్రైవర్ అయితే క్లచ్‌ను అతి తక్కువ అంకె మీద పెట్టి, నెమ్మది గేరులో వాడుకోవచ్చు. బరువు కిలో పైన ఉంటుందన్నది ఒక్కటే దాని లోపం.

అసలు మోటారే ఎందుకు అన్నది ఎదురు వాదనల్లో బలమైనది. నాలుగు స్క్రూలకు నాలుగు నిమిషాలు చాలు. ఆరోగ్యంగా ఉన్న చేతి విషయంలో ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. వేళ్ల కీళ్ల నొప్పులున్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు 300 గ్రాముల పైచిలుకు చిన్న మిషన్ నిజంగా మేలు చేస్తుంది. విడి భాగాలతో వచ్చే కుర్చీలు, బల్లలు బిగించుకునే కొత్త కాపురానికీ అది ఏళ్ల తరబడి పనికొస్తుంది. అప్పుడు అది బెల్లు కోసం కొన్నది కాదని తెలిసి కొనాలి. స్క్రూలే వద్దు, అతికించే టేపు చాలు అనే వాదన అద్దె ఇళ్ల నుంచి వస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో అద్దెకున్నవాళ్లు గోడకు ఏదైనా బిగించాలంటే ఇంటి యజమాని అనుమతి కావాలి గనక టేపు ఆకర్షిస్తుంది. నున్నటి రంగు తలుపు మీద అది బాగానే పట్టుకుంటుంది, గరుకు ఇటుక మీద పట్టదు, పడమటి ఎండ నేరుగా తగిలే చోట దాన్ని నమ్మలేం. రాతపూర్వకంగా అనుమతి అడగడమే మేలు. రెండు బెజ్జాలు సిమెంటు సందులో వేసి వెళ్లేటప్పుడు పూడుస్తామంటే ఒప్పుకోవడానికి యజమానికీ సులువు.

కరెంటు తీగల విషయంలో మాత్రం అడగడం, ఒప్పించడం అనేవి లేవు. బ్యాటరీ బెల్లు బిగించడం ఇంటివాళ్ల పని. పాత బెల్లు తీగల మీద వచ్చే 16 నుంచి 24 వోల్టులు చాలా తక్కువ వోల్టేజి కింద లెక్క. దానికి వెనక ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌ను 230 వోల్టుల లైనుకు కలపడం, మార్చడం క్వీన్స్‌లాండ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ చట్టం, 2002 ప్రకారం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. ఇంటర్నెట్ కేబుల్ మీదే నడిచే బెల్లుకు గోడ లోపలి నుంచి కేబుల్ లాగడానికి రిజిస్టర్డ్ కేబ్లర్ కావాలి. ఇంటి ఫ్యూజు మనమే వేసుకున్న అలవాటు ఇక్కడ చెల్లదు.

కొనే రోజున చూడాల్సిన ఇంకో సంగతి బ్యాటరీ. ఒంటి సెల్ చిన్న మిషన్లలో బ్యాటరీ లోపలే సీలు వేసి ఉంటుంది, అది చచ్చిననాడు మిషన్ మొత్తం చెత్త. 12, 18 వోల్టుల వాటికి బ్యాటరీ విడిగా ఊడుతుంది, అదే కంపెనీ వేరే పనిముట్లకూ పనికొస్తుంది. అందుకే మొదటి మిషన్ కొన్ననాడే ఏ బ్యాటరీ కుటుంబంలో చేరుతున్నామో తేలిపోతుంది. రాత్రిళ్లు మంచు పట్టే టూవూంబా చలికాలంలో వాటిని గరాజ్‌లో కాక ఇంట్లోనే చార్జ్ చేయాలి. సున్నా డిగ్రీల కింద లిథియం సెల్‌ను చార్జ్ చేస్తే పాడవుతుంది. పాతబడిన వాటిని ఇంటి చెత్త డబ్బాలో వేయకుండా 2022లో మొదలైన బీ-సైకిల్ పథకం పెట్టెల్లో వేయాలి. పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో అవి ఉంటాయి. అసలు కొనడమే ఎందుకన్న ఆలోచనతో బ్రిస్బేన్‌లో 2017లో పనిముట్లు అరువిచ్చే లైబ్రరీ పెట్టారు. ఒకే వీధిలో నాలుగు తెలుగు కుటుంబాలుంటే ఒక హ్యామర్ డ్రిల్‌తో ఆ లైబ్రరీ ఇక్కడా మొదలైనట్టే.

నా తీర్పు ఇది. చెక్క ఇంటివాళ్లు క్లచ్ ఉన్న 3.6 వోల్టుల మిషన్ కొనవచ్చు, చెక్క గట్టిదైతే ముందు బెజ్జానికి డ్రిల్ అడిగి తెచ్చుకోవాలి. ఇటుక ఇంటివాళ్లు హ్యామర్ డ్రిల్ అరువు తెచ్చుకుని, డబ్బు పెట్టేదేదో మంచి మేసనరీ బిట్ మీద పెట్టాలి. ఒకే మిషన్ కొని పదేళ్లు వాడాలనుకునేవాళ్లు విడి బ్యాటరీ, క్లచ్ ఉన్న 12 వోల్టుల డ్రిల్ డ్రైవర్ తీసుకోవాలి, హ్యామర్ కూడా ఉన్న మోడల్ అయితే ఇంకా మంచిది. 1990కి ముందటి ఫైబ్రో ఇల్లయితే దుకాణానికి వెళ్లే ముందు గోడ పరీక్ష చేయించండి.